కోడ్ ముక్కలు ఎక్కడ దాచాలి, ఎలా పంచుకోవాలి?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. సపోర్ట్ నుంచి డెవాప్స్‌కి (సర్వర్లు, సాఫ్ట్‌వేర్ విడుదలలు చూసుకునే పనికి) మారారు. పనికొచ్చిన కమాండ్లు, చిన్న చిన్న స్క్రిప్టులు వాట్సాప్‌లో మీకు మీరే పంపుకున్న మెసేజ్‌ల్లో, నోట్‌ప్యాడ్ ఫైళ్లలో, జీమెయిల్ డ్రాఫ్టుల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వీటిని ఒకచోట పెట్టడానికి ఏ టూల్ మంచిది, టీమ్‌లో వాళ్లకు ఎలా అందించాలి, ఏఐని అడిగితే క్షణంలో రాసిచ్చే ఈ రోజుల్లో అసలు దాచుకోవాల్సిన అవసరం ఉందా అని అడిగారు.

టూల్ సంగతి ముందే తేల్చేస్తాను. ఒక ఫోల్డర్, అందులో మామూలు టెక్స్ట్ ఫైళ్లు, ఫోల్డర్ మొత్తం గిట్‌లో. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. స్నిపెట్ల (ఇలాంటి చిన్న కోడ్ ముక్కల) కోసమే తయారైన యాప్‌లు చాలా ఉన్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ యాప్ ఆగిపోయినా, ల్యాప్‌టాప్ మారినా, ఇంటర్నెట్ లేని సర్వర్ గదిలో కూర్చున్నా టెక్స్ట్ ఫైలు తెరుచుకుంటుంది, గ్రెప్ అనే వెతికే కమాండ్‌కి దొరుకుతుంది. ఎప్పుడు ఏం మార్చారో గిట్ గుర్తుపెట్టుకుంటుంది. వీఎస్ కోడ్‌లో ఉండే యూజర్ స్నిపెట్ల సౌకర్యం కూడా వాడండి, కానీ అది రోజూ టైప్ చేసే లూప్‌లు, టెస్ట్ ఫంక్షన్ల చట్రాల లాంటి వాటికి. నేను ఇక్కడ మాట్లాడేది నాలుగైదు నెలలకు ఒకసారి అవసరమై, అవసరమైన రోజున మాత్రం చాలా తొందరగా కావాల్సిన ముక్కల గురించి.

ఆ ముక్కల్లో కోడ్ భాగం విలువ తక్కువ. కమాండ్‌ను ఎవరైనా రాసిస్తారు, ఏఐ అయితే అడగ్గానే రాసిస్తుంది. అది మీ సర్వర్ మీద ఏ పరిస్థితిలో పనిచేసింది, ఎక్కడ చేయలేదు, నడిపాక ఏం చూసి పని అయిందనుకున్నారు అన్న సంగతులు మీకు తప్ప ఎవరికీ తెలియవు. రాసిపెట్టకపోతే కొన్నాళ్లకు మీకూ గుర్తుండవు. దాచుకోవాల్సింది ప్రధానంగా వాటిని.

డిస్క్ నిండిపోయిన సందర్భమే తీసుకుందాం. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ నూరు శాతం చూపిస్తుంది. ఫోల్డర్ల సైజు చెప్పే డీయూతో అన్నీ కూడితే అందులో సగం కూడా రాదు. చాలామంది దగ్గర ఇలాంటప్పటికి ఉండే స్నిపెట్ ఒక్కటే, పెద్ద ఫైళ్లను వెతికి పెట్టేది. అది ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే స్థలాన్ని పట్టుకున్న ఫైలు పేరు ఇప్పుడు ఏ ఫోల్డర్‌లోనూ లేదు. ఎవరో పెద్ద లాగ్ ఫైలును డిలీట్ చేశారు, దాన్ని తెరిచి రాస్తున్న ప్రాసెస్ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. ఆ ప్రాసెస్ వదిలేదాకా లినక్స్ ఆ స్థలాన్ని ఖాళీ చేయదు. ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌కు ప్లస్, పెద్ద ఎల్, ఒకటి అని కలిపి ఇస్తే, పేరు పోయినా తెరిచే ఉన్న ఫైళ్లన్నీ, వాటిని పట్టుకున్న ప్రాసెస్ నంబర్లతో సహా కనిపిస్తాయి. ఆ ప్రాసెస్ ఏ సర్వీస్‌దో దాన్ని రీస్టార్ట్ చేస్తే స్థలం తిరిగొస్తుంది.

డీఎఫ్, డీయూ లెక్కలు కుదరకపోవడానికి ఇంకా కారణాలుంటాయి. ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం స్థలాన్ని రూట్ (అడ్మిన్ యూజర్) కోసం పక్కన పెడుతుంది. ఒక ఫోల్డర్‌లో ఫైళ్లు ఉండగానే దాని మీద వేరే డిస్క్‌ను మౌంట్ చేస్తే (తగిలిస్తే), కింద ఉన్న ఫైళ్లు డీయూకి కనబడవు, స్థలం మాత్రం తింటూనే ఉంటాయి. ఇంకో రకం కూడా ఉంది: డీఎఫ్‌లో బోలెడు ఖాళీ కనిపిస్తున్నా 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అనే ఎర్రరే వస్తుంది. అప్పుడు అయిపోయింది స్థలం కాదు, ఐనోడ్‌లు, అంటే ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున కావాల్సిన నమోదు గళ్లు. లక్షల కొద్దీ చిన్న సెషన్ ఫైళ్లు పేరుకున్న చోట ఇలా అవుతుంది. డీఎఫ్‌కి మైనస్ ఐ ఇస్తే తెలుస్తుంది.

వీటిలో ఒక్కో కమాండ్ పట్టుమని పది అక్షరాలు ఉండదు. దేని తర్వాత దేన్ని చూడాలి, ఏం కనిపిస్తే ఏమని అర్థం అన్నదే నిజమైన సరుకు. అందుకే నా ఫైళ్లలో దీని నోట్ దాదాపు ఇలా ఉంటుంది:

శీర్షిక: డీఎఫ్ నూరు శాతం, డీయూలో ఆ లెక్క రావడం లేదు. ఎర్రర్: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్.
ఎక్కడ పనిచేసింది: ఉబుంటు 22.04, డెబియన్ 12. సుడో (అడ్మిన్ హక్కులు) కావాలి, లేకపోతే వేరే యూజర్ల ప్రాసెస్‌లు కనబడవు.
ముందు చూడాల్సినవి: ఐనోడ్‌లు, తర్వాత డిలీట్ అయినా తెరిచి ఉన్న ఫైళ్లు, తర్వాత మౌంట్ కింద దాగినవి. మూడూ చూసేవే, ఏదీ మార్చదు.
మార్చేది: సంబంధిత సర్వీస్ రీస్టార్ట్. ప్రొడక్షన్‌లో (నిజంగా వాడుకలో ఉన్న సర్వర్ మీద) అయితే టీమ్‌కి చెప్పకుండా చేయకూడదు.
అయిందని ఎలా తెలుస్తుంది: డీఎఫ్ శాతం వెంటనే తగ్గాలి. తగ్గకపోతే పట్టుకున్నది వేరే ప్రాసెస్.
మళ్లీ రాకుండా: లాగ్‌రొటేట్ (పాత లాగ్‌లను పక్కకు తీసే టూల్) సెట్టింగ్ చూడాలి. లాగ్‌ను డిలీట్ చేయకుండా ట్రంకేట్ చేయాలి (ఫైలు ఉంచి లోపలిది ఖాళీ చేయాలి).

ఇందులో శీర్షిక గురించి ఒక మాట. మనం 'ఎల్ఎస్ఓఎఫ్ వాడకం' అని పేరు పెడతాం. ఇబ్బందిలో ఉన్నప్పుడు ఎల్ఎస్ఓఎఫ్ అనే మాట గుర్తొస్తే ఇక నోట్ ఎందుకు? ఆ సమయంలో మీ కళ్ల ముందు ఉండేది ఎర్రర్ మెసేజ్, లక్షణం. వాటితోనే వెతుకుతారు. ఎర్రర్‌ను అక్షరం మార్చకుండా శీర్షికలోనో, దాని కిందనో పెట్టండి. మిగతా వివరణ తెలుగులో రాసుకున్నా, ఇంగ్లీష్‌లో రాసుకున్నా, రెండూ కలిపి రాసుకున్నా తేడా లేదు. మీకు ఏ భాషలో ఆలోచన వస్తే ఆ భాషలో.

ఇక రెండో విషయం. చూసే కమాండ్లను, మార్చే కమాండ్లను ఒకే దిమ్మలో కలిపి దాచకండి. కంగారులో ఉన్న మనిషి దిమ్మ మొత్తం కాపీ చేసి పేస్ట్ చేస్తాడు. డిలీట్ చేసేవి, ఓవర్‌రైట్ చేసేవి, రీస్టార్ట్ చేసేవి విడిగా, పైన ఒక హెచ్చరిక వరుసతో ఉండాలి.

ఈ విషయంలో ఎందుకింత పట్టుదల అంటే, 2015 జనవరిలో లినక్స్ మీద స్టీమ్ గేమింగ్ క్లయింట్‌తో జరిగింది గుర్తు చేసుకోండి. ఒక వాడకందారు స్టీమ్ ఫోల్డర్‌ను వేరే డిస్క్‌కు మార్చి, పాత చోట సింబాలిక్ లింక్ (కొత్త చోటుకు దారి చూపే గుర్తు) పెట్టాడు. స్టీమ్‌తో వచ్చే షెల్ స్క్రిప్ట్ (టెర్మినల్ కమాండ్ల ఫైలు) తన సొంత ఫోల్డర్ ఎక్కడుందో లెక్కగట్టి ఒక వేరియబుల్‌లో పెట్టుకుంటుంది. ఆ లెక్క తప్పి వేరియబుల్ ఖాళీగా మిగిలింది. తర్వాత ఒక వరుసలో ఆ వేరియబుల్, దాని పక్కన స్లాష్, ఆపైన నక్షత్రం, ముందు అడగకుండా అన్నీ చెరిపే ఆర్ఎమ్ మైనస్ ఆర్ఎఫ్. వేరియబుల్ ఖాళీ అయ్యేసరికి అది సిస్టమ్ మొత్తాన్నీ చెరిపేసే ఆదేశం అయింది. అతని ఫైళ్లతో పాటు తగిలించి ఉన్న బ్యాకప్ డిస్క్‌లోవి కూడా పోయాయి. ఆ వరుస పైన రాసిన ప్రోగ్రామరే 'స్కేరీ' అని కామెంట్ పెట్టి ఉన్నాడు. భయం ఉంది, కాపలా లేదు.

ఇక్కడ చాలామంది 'సెట్ మైనస్ యూ పెట్టుకుంటే సరిపోయేది' అంటారు. సరిపోదు. అది అసలు పేరే లేని వేరియబుల్‌ను పట్టుకుంటుంది, పేరుండి లోపల ఖాళీగా ఉన్నదాన్ని వదిలేస్తుంది. వేరియబుల్ పేరును బ్రేసెస్‌లో పెట్టి, పేరు తర్వాత కోలన్, ప్రశ్నార్థకం రాస్తే ఖాళీగా ఉన్నా అక్కడే ఆగిపోతుంది. డిలీట్ చేసే ప్రతి స్నిపెట్‌లోనూ ఈ రెండు గుర్తులు ఉండాలని టీమ్‌లో నియమం పెట్టుకోండి. షెల్ ముక్క ఏదైనా దాచే ముందు షెల్‌చెక్ అనే ఉచిత టూల్‌తో ఒకసారి పరీక్షించండి. కోట్స్ లేని వేరియబుళ్లు, ఇలాంటి ప్రమాదకరమైన డిలీట్లు అది వరుస నంబరుతో సహా చూపిస్తుంది. దీన్ని వాడకుండా షెల్ కోడ్ పంచుకోవడం బాధ్యత లేని పని అని నా అభిప్రాయం.

స్నిపెట్లకు గడువు కూడా ఉంటుంది, అది వాటి మీద రాసి ఉండదు. ఏపీటీ-కీ కమాండ్‌తో రిపోజిటరీ (ప్యాకేజీలు దొరికే చోటు) సంతకపు కీని చేర్చే పద్ధతి ఇప్పటికీ వేల చోట్ల కనిపిస్తుంది. ఉబుంటు 22.04 నాటికే అది వద్దనే హెచ్చరిక వస్తోంది. ఆ కీని విడి ఫైలులో పెట్టి, 'సైన్డ్-బై' అని ఆ రిపోజిటరీకి మాత్రమే కట్టడం ఇప్పటి పద్ధతి. పైథాన్ ప్యాకేజీల కోసం పిప్ ఇన్‌స్టాల్ అని నేరుగా కొట్టే పాత సెటప్ నోట్లు డెబియన్ 12 మీద, ఉబుంటు 24.04 మీద 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని ఆగిపోతాయి. ఆ ఎర్రర్‌ను దాటించే ఒక ఆప్షన్‌ను జనం పంచుకుంటున్నారు, దాన్ని మీ నోట్లలోకి రానివ్వకండి. ప్రాజెక్టుకు విడిగా ఉండే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ గానీ, పిప్‌ఎక్స్ గానీ వాడమని చెప్పడమే ఆ ఎర్రర్ ఉద్దేశం. డాకర్ కంటైనర్లను కలిపి నడిపే, మధ్యలో హైఫన్ ఉన్న డాకర్-కంపోజ్ పాత వెర్షన్‌కు 2023లో సపోర్ట్ ఆగిపోయింది, ఇప్పుడు ఖాళీ జాగాతో రాస్తాం. అందుకే ప్రతి ముక్క కింద తేదీ, ఏ ఓఎస్ మీద ఏ వెర్షన్‌లో నడిపారో తప్పనిసరి. తేదీ లేని సెటప్ నోట్‌ను నేను నమ్మను, అది ఎంత గొప్పవాళ్లు రాసినదైనా.

చోటు మారినా పనిచేయనివి ఇంకో రకం. టీమ్‌లో సగం మంది మ్యాక్ వాడుతుంటే ఇది రోజూ ఎదురవుతుంది. టెక్స్ట్‌ను మార్చే సెడ్ కమాండ్‌కు మైనస్ ఐ ఇచ్చి ఫైలును అక్కడికక్కడే మార్చడం లినక్స్‌లో ఒకలా, మ్యాక్‌లో ఒకలా ఉంటుంది. మ్యాక్‌లో ఆ ఆప్షన్ తర్వాత బ్యాకప్ ఫైలు కోసం ఒక ఎక్స్‌టెన్షన్ ఇవ్వాల్సిందే, వద్దనుకుంటే ఖాళీ కోట్స్ పెట్టాలి. తేదీల లెక్కలకు లినక్స్ డేట్ కమాండ్‌లో మైనస్ డీ వాడితే, మ్యాక్‌లో మైనస్ వీ. మ్యాక్‌తో వచ్చే బ్యాష్ షెల్ ఇప్పటికీ 3.2 వెర్షనే, అందులో అసోసియేటివ్ అర్రేలు (పేరుతో విలువను దాచే జాబితాలు) లేవు. 2019లో వచ్చిన కాటలీనా నుంచి అక్కడ మామూలు షెల్ జెడ్‌ఎస్‌హెచ్.

టెర్మినల్‌లో చక్కగా నడిచి, నిర్ణీత సమయాలకు కమాండ్లు నడిపే క్రాన్‌లో ఆగిపోయే స్నిపెట్లు వేరే. క్రాన్‌కు మీ పాత్ (కమాండ్లను వెతికే చోట్ల జాబితా) తెలియదు, మీ బ్యాష్‌ఆర్‌సీ (బ్యాష్ సెట్టింగ్ ఫైలు) తెలియదు. అది వాడేది ఎస్‌హెచ్, ఉబుంటులో అంటే డ్యాష్. బ్యాష్‌కే ప్రత్యేకమైన డబుల్ బ్రాకెట్లు అక్కడ చెల్లవు. శాతం గుర్తును క్రాన్ కొత్త వరుసగా చదువుతుంది. బ్యాకప్ ఫైలు పేరులో తేదీ పెట్టడానికి శాతం గుర్తులు వాడతాం కదా, వాటి ముందు బ్యాక్‌స్లాష్ లేకపోతే కమాండ్ సగంలో తెగిపోతుంది. మనదేశంలో పనిచేసేవాళ్లకు ఇంకొక తలనొప్పి, సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉండడం. మన అర్ధరాత్రి అక్కడ ముందు రోజు సాయంత్రం 18:30. ఆ అరగంట వల్ల 'ప్రతి గంటకూ' అని లెక్క వేసే రిపోర్టులు కూడా సరిగ్గా మన గంటల మీద పడవు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 'ఎట్ టైమ్ జోన్' అని ఏషియా/కోల్‌కతా ఇచ్చినప్పుడు, కాలమ్‌కు టైమ్ జోన్ ఉంటే భారత కాలమానానికి మార్చి చూపిస్తుంది. కాలమ్‌కు టైమ్ జోన్ లేకపోతే ఉన్న సమయాన్నే భారత కాలమానం అనుకుని ఎదురు దిశలో మారుస్తుంది. రెండిటికీ ఎర్రర్ రాదు, లెక్క మాత్రం అయిదున్నర గంటలు జరిగిపోతుంది. ఈ స్నిపెట్‌ను దాచేవాళ్లు కాలమ్ రకం ఏమిటో రాయకపోతే, అది ఉండడం కంటే లేకపోవడమే మేలు.

కొత్త మెషిన్ సెటప్ ముక్కల విషయంలో నేను పట్టుబట్టేది ఒక్కటే: రెండుసార్లు నడిపినా ఒకసారి నడిపినట్టే ఉండాలి. బ్యాష్‌ఆర్‌సీకి ఒక వరుస చేర్చే స్నిపెట్ నడిపిన ప్రతిసారీ అదే వరుస మళ్లీ చేరుతుంది. ముందు గ్రెప్‌తో ఆ వరుస ఉందేమో పూర్తిగా సరిపోల్చి చూసి, లేకపోతేనే చేర్చాలి. ఫోల్డర్ తయారు చేసేటప్పుడు ఎమ్‌కేడిర్‌కు మైనస్ పీ, లింక్ పెట్టేటప్పుడు ఎల్ఎన్‌కు ఎస్, ఎఫ్, ఎన్ మూడూ. ఇలా రాసుకున్న స్క్రిప్ట్ మధ్యలో నెట్ పోయి ఆగినా మళ్లీ మొదటి నుంచి ధైర్యంగా నడపొచ్చు. సొంత సెట్టింగ్ ఫైళ్లను, అంటే చుక్కతో మొదలయ్యేవాటిని, ఒక గిట్ రిపోలో (గిట్ చూసుకునే ఫోల్డర్‌లో) పెట్టి గ్నూ స్టో అనే టూల్‌తో హోమ్ ఫోల్డర్‌లోకి లింక్ చేస్తే చాలా హాయి. పదుల సర్వర్లు ఉంటే మాత్రం స్నిపెట్లు వదిలి, చాలా సర్వర్లను కలిపి సెటప్ చేసే యాన్సిబుల్‌కు వెళ్లండి. సెటప్ స్క్రిప్టును టీమ్‌కు ఇచ్చే ముందు ఖాళీ డాకర్ కంటైనర్‌లో (మీ మెషిన్‌లోనే విడిగా నడిచే కొత్త సిస్టమ్ లాంటిదానిలో) ఒకసారి మొదటి నుంచీ నడపండి. మీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో పెట్టుకున్న కర్ల్, జేక్యూ లాంటివి అక్కడ ఉండవు కాబట్టి స్క్రిప్టులో ఏం మరిచిపోయారో వెంటనే బయటపడుతుంది.

ఇక పంచుకోవడం. వాట్సాప్‌లో కోడ్ పంపొద్దు. రెండు నక్షత్రాల మధ్య ఉన్న మాటను అది బోల్డ్ చేసి నక్షత్రాలను దాచేస్తుంది, అండర్‌స్కోర్‌ల మధ్య ఉన్నదాన్ని ఇటాలిక్ చేస్తుంది. తప్పదనుకుంటే కోడ్‌కు ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్‌లు పెట్టండి. వర్డ్‌లోనో, మెయిల్‌లోనో టైప్ చేస్తే మామూలు కోట్స్ వంకర కోట్స్ అవుతాయి, రెండు హైఫన్లు కలిసి ఒక పొడుగు గీత అవుతాయి. కంటికి తేడా తెలియదు, షెల్‌కు మాత్రం అది వేరే అక్షరం. విండోస్‌లో సేవ్ చేసిన స్క్రిప్ట్ లినక్స్‌లో 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటే వరుస చివర కనబడని క్యారేజ్ రిటర్న్ ఉందని అర్థం. డాస్2యునిక్స్‌తో పోతుంది. ఎదుటివాళ్లకు ఫైలుగానో, గిట్ లింకుగానో ఇస్తే ఈ బాధలు చాలావరకు ఉండవు.

వెబ్ పేజీ నుంచి కాపీ చేసి నేరుగా టెర్మినల్‌లో అతికించే అలవాటు మానుకోండి. పేజీలో కనిపించేది ఒకటి, క్లిప్‌బోర్డ్‌లోకి వచ్చేది ఇంకొకటి అయ్యేలా చేయడం చాలా తేలిక. చివర కొత్త వరుస ఉంటే ఎంటర్ నొక్కకుండానే నడిచిపోతుంది. 2020 చివర్లో వచ్చిన బ్యాష్ 5.1 నుంచి, అతికించింది ఎంటర్ కొట్టేదాకా ఆగే ఏర్పాటు మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. కానీ పాత సర్వర్ల మీద అది ఉండదు. ముందు ఎడిటర్‌లో అతికించి చదివాకే నడపండి.

గిట్‌హబ్ వెబ్‌సైట్‌లోని గిస్ట్ చిన్న ముక్కలకు మంచి చోటు. ప్రతి గిస్ట్ లోపల ఒక గిట్ రిపోనే, క్లోన్ చేసుకోవచ్చు, పాత రూపాలు చూడొచ్చు. అందులో 'సీక్రెట్' అని ఉండేది ప్రైవేట్ కాదని మాత్రం టీమ్‌లో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ చెప్పండి. వెతికితే దొరకదు, అంతే. లింక్ ఉన్న ఎవరైనా చూడగలరు. పాస్‌వర్డ్, ఏపీఐ కీ, కస్టమర్ ఐపీ అడ్రస్, లోపలి సర్వర్ల పేర్లు వీటిలోకి రాకూడదు. పొరపాటున కీ వెళ్లిపోతే ఆ వరుసను చెరిపితే చాలదు, పాత రూపంలో అది అలాగే ఉంటుంది. వెంటనే ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి, చెరపడం ఆ తర్వాత. స్నిపెట్‌లో కీ ఉండాల్సిన చోట ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పేరు పెట్టండి, దాన్ని ఎక్కడి నుంచి తీసుకోవాలో పక్కన రాయండి. కీని కమాండ్ వరుసలోనే ఇస్తే అదే మెషిన్‌లో ఉన్న వేరేవాళ్లకు, నడుస్తున్న ప్రాసెస్‌లను చూపించే పీఎస్ కమాండ్‌లో కనిపించవచ్చు, అదీ గుర్తుంచుకోండి. ఇక ఆఫీసు పనిలో రాసిన కోడ్ ఆఫీసుది. సొంత రిపోలో పెట్టే ముందు మీ మేనేజర్‌ను అడగండి. అడిగితే చాలాచోట్ల సాధారణ కమాండ్లకు అభ్యంతరం చెప్పరు.

ఎక్కడి నుంచి తెచ్చారో లింక్ రాయడం మర్యాద కోసం మాత్రమే అనుకోకండి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలోని సమాధానాలు క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ లైసెన్స్ కింద ఉంటాయి, రాసినవారి పేరు చెప్పడం అందులో షరతు. అంతకంటే పెద్ద కారణం ఒకటుంది. బైట్ల సంఖ్యను మనుషులకు అర్థమయ్యేలా కేబీ, ఎంబీల్లో చూపించే చిన్న జావా ముక్కను ఆండ్రియాస్ లుండ్‌బ్లాడ్ 2010లో అక్కడ రాశారు. అది వేల ప్రాజెక్టుల్లోకి కాపీ అయింది. అందులో తప్పు ఉందని 2019లో ఆయనే స్వయంగా బయటపెట్టి సరిచేశారు. 9,99,999 బైట్లు ఇస్తే 1.0 ఎంబీ అని రావాల్సింది 1000.0 కేబీ అని వచ్చేది. మూలం లింక్ రాసుకున్నవాళ్లకు వెళ్లి చూసే దారి ఉంది. కాపీ చేసి మూలాన్ని వదిలేసినవాళ్ల కోడ్‌లో ఆ తప్పు ఎవరికీ తెలియకుండా అలాగే ఉండిపోతుంది. మీరు పంచుకునే రిపోకు మీరూ ఒక లైసెన్స్ పెట్టండి. ఏమీ పెట్టకపోతే చట్టం దృష్టిలో హక్కులన్నీ మీవే, వేరేవాళ్లు ధైర్యంగా వాడుకోలేరు. చిన్న ముక్కలకు సీసీ జీరో గానీ, ఎంఐటీ గానీ సరిపోతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. తెలుగు టెక్స్ట్‌తో పనిచేసే స్నిపెట్లు మీ దగ్గర ఉంటే వాటిని బహిరంగంగా పెట్టండి. వాటి కొరత నిజంగా ఉంది. పైథాన్‌లో 'తెలుగు' అనే మాట పొడవు అడిగితే 6 అని వస్తుంది, కంటికి కనిపించేవి 3 అక్షరాలు, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో 18 బైట్లు. ఎస్ఎంఎస్ పంపే కోడ్‌లో ఈ తేడా నేరుగా ఖర్చు మీద పడుతుంది. ఇంగ్లీష్ మెసేజ్‌కు 160 అక్షరాలు పడితే తెలుగుకు 70 మాత్రమే, గుణింతం గుర్తులూ అందులో లెక్కే. నమూనాలతో వెతికే పైథాన్ మామూలు ఆర్ఈ మాడ్యూల్‌లో మాటలను విడగొట్టే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మన గుణింతాలను అక్షరాలుగా ఒప్పుకోదు. 'తెలుగు' మీద నడిపితే త, ల, గ అని మూడు ముక్కలు చేతికొస్తాయి. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే రెజెక్స్ మాడ్యూల్ అయితే సరిగ్గా విడగొడుతుంది, బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్‌తో కంటికి కనిపించే అక్షరాలను కూడా లెక్కిస్తుంది.

ఇంకా మెలిక ఉన్నది వెతుకులాటలో. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు ట్ తర్వాత కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, అది లేకపోతే వ కిందికి ఒత్తుగా వెళ్లిపోతుంది. కొందరి కీబోర్డు దాన్ని పెడుతుంది, కొందరిది పెట్టదు. డేటాబేస్‌లో ఒకలా, వెతికే పెట్టెలో ఒకలా పడితే ఫలితం సున్నా. స్ట్రిప్ చేసినా (అంచుల్లోని ఖాళీలు తీసేసినా) అది పోదు, యూనికోడ్ నార్మలైజేషన్ చేసినా (రకరకాల కోడ్ రూపాలను ఒకే రూపంలోకి తెచ్చినా) పోదు, పేరు పెట్టి తీసేయాలి. అలాగని నిల్వ ఉన్న టెక్స్ట్‌లోంచి తీసేస్తే పాఠకుడికి కనిపించే రూపం పాడవుతుంది. వెతకడానికి విడిగా ఒక కాలమ్ పెట్టుకుని అందులో మాత్రమే తీసేయండి. ఆ కాలమ్‌కు ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ కూడా చేయాలి, ఎందుకంటే ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ, రెండు కోడ్‌లు కలిపీ రాయొచ్చు. తెలుగు ఉన్న సీఎస్‌వీ ఎక్సెల్‌లో పిచ్చి గీతలుగా కనబడుతుంటే, పైథాన్‌లో రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ పేరును యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి. ఇవన్నీ నాలుగైదు వరుసల ముక్కలే, కానీ ఎందుకు అలా రాయాలో చెప్పే పేరా లేకుండా వీటిని అందుకున్న మనిషి 'ఈ వరుస అనవసరం' అనుకుని తీసేస్తాడు.

ఏఐ గురించి సూటిగా చెప్పాలంటే, నేనూ వాడతాను, మొదటి చిత్తు రాయడానికి బాగుంటుంది. కానీ అది ఇచ్చిన ఏపీటీ-కీ పద్ధతి మీ ఉబుంటుకు పాతదని, మీ క్రాన్‌లో ఆ శాతం గుర్తు తెగుతుందని నడిపి చూసినవాళ్లకే తెలుస్తుంది. అది ఇచ్చినదాన్ని నడిపి చూడకుండా నోట్లలో పెట్టకండి. నడిపాక పెడితే 'ఏఐ రాసింది, ఫలానా తేదీన ఫలానా మెషిన్ మీద పరీక్షించాను' అని కింద రాయండి.

అన్నీ ముక్కలుగానే ఉండిపోవాలని కూడా లేదు. ఒక స్నిపెట్‌లో షరతులు పెరిగి, ముగ్గురు నలుగురు తలా ఒక రూపం పెట్టుకుని తిరుగుతుంటే, అది స్క్రిప్టుగా మారి ప్రాజెక్ట్ రిపోలోకి, టెస్టులతో సహా వెళ్లే సమయం వచ్చింది. అలాగని ప్రతి చిన్నదాన్నీ లైబ్రరీగా తెచ్చుకోకండి. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల నిల్వ అయిన ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని దాని కర్త తీసేస్తే, దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. అంత చిన్నది మూలం రాసుకుని కోడ్‌లోనే పెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు మీ దగ్గర ఉన్న కుప్ప సంగతి. దాన్నంతా కూర్చుని ఒకేసారి సర్దాలని చూడకండి. సగంలో విసుగొచ్చి మానేస్తారు, పైగా అందులో చాలావాటి అవసరం మళ్లీ రాదు. ఖాళీ రిపో ఒకటి తెరవండి. వాట్సాప్‌లోనో, డ్రాఫ్టుల్లోనో ఏదైనా ముక్కను వెతికి వాడిన రోజున, పని అయిన వెంటనే, దాన్ని ఎర్రర్ మెసేజ్‌తో, తేదీతో, ఓఎస్ వెర్షన్‌తో రిపోలోకి మార్చండి. మ్యాన్ పేజీ (కమాండ్ సహాయ పేజీ) తెరిస్తే అర నిమిషంలో దొరికేవి వదిలేయండి. టీమ్‌లో ఎవరైనా 'ఆ రోజు ఏం చేశావ్?' అని అడిగితే చాట్‌లో జవాబు టైప్ చేయకుండా, నోట్ రాసి లింక్ ఇవ్వండి. వాళ్లు అది చూసి నడిపినప్పుడు ఎక్కడ ఆగిపోయారో అడిగి, ఆ వరుసను వాళ్లనే పుల్ రిక్వెస్ట్‌తో (రిపోకు పంపే మార్పు ప్రతిపాదనతో) చేర్చమనండి.